తెర మీద పది నిమిషాలు, స్టేజ్ మీద కింగ్ లియర్: పీట్ పోసల్‌త్వేట్ కెరీర్ ఎలా నడిచింది

2010లో వచ్చిన ఇన్‌సెప్షన్ సినిమాలో కలలో కల, ఆ కలలో ఇంకో కల, మంచు కొండల మీద కాల్పులు, హోటల్ కారిడార్‌లో గోడల మీద ఫైటు, ఇంత హంగామా చేసి చివరికి కథ ఎక్కడికి చేరుతుందంటే మంచం మీద కొనఊపిరితో ఉన్న ఒక ముసలాయన దగ్గరికి. కొడుకు వంగి చెవి పెడతాడు. ముసలాయన నోట్లోంచి మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, నిరాశపడ్డాను అంటాడు. తెలుసు నాన్నా, నేను మీలా కాలేకపోయాననే కదా అంటాడు కొడుకు. కాదు, నువ్వు నాలా అవ్వాలని చూశావే, అందుకు అన్నట్టు చెప్పి పక్కనున్న ఇనప్పెట్టె వైపు చెయ్యి చూపిస్తాడు. అంతే, ఆయన సీను అయిపోయింది. ఆ ఒక్క మాట కొడుక్కి తగల్లేదా, దాదాపు రెండున్నర గంటల సినిమాలో అంతమంది పడ్డ కష్టానికి అర్థమే లేదు, ఎందుకంటే ఆ హంగామా మొత్తం ఆ కొడుకు మనసులో ఒక ఆలోచన నాటడానికే కదా.

అంత బరువున్న సీను రెండు మూడు నిమిషాల్లో, దాదాపు కదలకుండా పడుకుని లాగేసినాయన పీట్ పోసల్‌త్వేట్. పేరు వినకపోయినా మొహం చూస్తే ఇంగ్లిష్ సినిమాలు కాస్త చూసేవాళ్ళు టక్కున పట్టేస్తారు. జురాసిక్ పార్క్ రెండో భాగంలో టీ-రెక్స్‌ని వేటాడ్డానికి వచ్చిన గుండు వేటగాడు ఈయనే, యూజువల్ సస్పెక్ట్స్‌లో కోబయాషి అనే లాయరూ ఈయనే, రోమియో ప్లస్ జూలియెట్‌లో ఫాదర్ లారెన్స్ కూడా ఈయనే. బయటికి పొడుచుకొచ్చిన చెంప ఎముకలు, లోపలికి పోయిన బుగ్గలు, ఒకసారి చూస్తే మర్చిపోవడం కష్టం. ఇలాంటి నటుల గురించి రాసేటప్పుడు చిన్న పాత్రల్లో కూడా మెరిశాడు అని ఒక లైను పడేసి వెళ్ళిపోతుంటారు, ఆ లైను వల్ల తెలిసేది సున్నా. తేలాల్సిన విషయం వేరే ఉంది. స్టేజ్ మీద షేక్‌స్పియర్ నాటకాల్లో కింగ్ లియర్‌గా, ప్రాస్పెరోగా మొత్తం నాటకాన్ని భుజాన మోసిన మనిషి, సినిమాల్లో మాత్రం పది నిమిషాలు కనిపించి వెళ్ళిపోయే వేషాలే ఎందుకు వేశాడు, వేసినా అవి అంతగా ఎలా నిలబడ్డాయి.

సినిమాలో హీరోకి టైమ్ ఉంటుంది, అతని బతుకు మన కళ్ళ ముందే జరుగుతుంది, మారతాడు, నేర్చుకుంటాడు. క్యారెక్టర్ ఆర్టిస్టుకి ఆ సౌకర్యం లేదు, తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికే అతని వెనక యాభై అరవై ఏళ్ళు గడిచిపోయి ఉండాలి, ఆ ఏళ్ళని ఎవరూ డైలాగుల్లో చెప్పరు. పోసల్‌త్వేట్ బలమంతా ఇక్కడే ఉంది, ఈయన ఫ్రేమ్‌లోకి వస్తే ఆ మనిషికి ఒక గతం ఉందని మనం నమ్మేస్తాం, అదేంటో తెలియకపోయినా. ఈ పని ఈయనకి సినిమా నేర్పలేదు, సినిమాల్లో పేరొచ్చేసరికి వయసు నలభై దాటింది, అప్పటికే నేర్చుకోవాల్సింది అంతా నాటకాల్లో నేర్చేసుకున్నాడు.

పుట్టింది 1946 ఫిబ్రవరి 7న, లివర్‌పూల్‌కీ మాంచెస్టర్‌కీ మధ్యలో ఉన్న వారింగ్‌టన్ అనే ఫ్యాక్టరీల ఊళ్ళో. కాథలిక్ కుటుంబం, కూలినాలి చేసుకునే వర్గం, తండ్రి చెక్క పీపాలు చేసే పని చేసి తర్వాత స్కూల్లో కేర్‌టేకర్‌గా పనిచేశాడు. కుర్రాడు మొదట ప్రీస్టు అవుదామనుకుని సెమినరీలో కొన్నాళ్ళు చదివాడు, అది కుదర్లేదు, లండన్ దగ్గర ట్వికెన్‌హామ్‌లో టీచర్ ట్రైనింగ్ చేసి మాంచెస్టర్‌లో లొరేటో కాలేజీలో డ్రామా చెప్పే పంతులయ్యాడు. అది సేఫ్ ఉద్యోగం, ఇంట్లోవాళ్ళు కోరుకునేది కూడా అదే. ఇరవై నాలుగేళ్ళకి అది వదిలేసి బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో చేరాడు. మిగతా నటులు పద్దెనిమిదికే చేరిపోతే ఈయన పిల్లలకి పాఠాలు చెప్పి, దేవుడి సంగతి తేల్చుకుని, అప్పుడు వచ్చాడు. లేటుగా రావడం నష్టమే అనుకుంటాం గానీ ఈ రకం నటుడికి అది లాభమే అయ్యిందనిపిస్తుంది.

పేరు గురించి ఒక సరదా కథ ఉంది. తొలి రోజుల్లో ఏజెంట్లు ఈ పోసల్‌త్వేట్ అనే ఇంటిపేరు తీసెయ్యమని పోరు పెట్టారట, థియేటర్ బయట నీ పేరు లైట్లతో పెట్టాలంటే కరెంటు బిల్లు కట్టలేరు అని జోకు. తీసెయ్యలేదు. తర్వాత కూడా ఆ పేరు సినిమా పోస్టర్ల మీద పెద్దక్షరాల్లో ఎప్పుడో తప్ప పడలేదు, కాబట్టి కరెంటు సమస్య నిజంగా రాలేదు కూడా.

బ్రిస్టల్ తర్వాత లివర్‌పూల్ ఎవ్రీమన్ థియేటర్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి ఎందుకంటే ఇది లేకపోతే ఈ కెరీర్ ఇలా ఉండేది కాదు. హోప్ స్ట్రీట్‌లో ఒకప్పుడు ప్రార్థనా మందిరంగా ఉన్న బిల్డింగులో 1964లో మొదలైంది. డెబ్బైల్లో అక్కడ కంపెనీలో ఎవరున్నారో చూస్తే తల తిరుగుతుంది, జూలీ వాల్టర్స్, బిల్ నై, జోనథన్ ప్రైస్, ఆంటొనీ షేర్, రాసేవాళ్ళలో విల్లీ రస్సెల్, అలన్ బ్లీస్‌డేల్. అప్పటికి వీళ్ళెవరూ స్టార్లు కాదు, జీతాలు అంతంత మాత్రం. ఇక్కడి పద్ధతి ఏంటంటే నాటకం ఆ ఊరి జనం గురించి, ఆ ఊరి యాసలో ఉండాలి, డాక్ కూలీ టికెట్ కొనుక్కుని వచ్చినా తన సంగతే చెప్తున్నారనిపించాలి. థియేటర్‌లో ఆడటమే కాకుండా ఒక వ్యాన్‌లో బయల్దేరి పబ్బుల్లో కూడా ఆడేవాళ్ళు. పబ్బులో ఆడటం అంటే ఎదురుగా బీరు తాగుతూ కబుర్లు చెప్పుకునేవాడు టికెట్ కొనలేదు, మన మాట వినాలన్న రూలేం లేదు, మొదటి నిమిషంలో వాడి కళ్ళు ఇటు తిప్పకపోతే ఇంక వాడు మనకి దక్కడు. సినిమాలో రెండు నిమిషాల సీనులో పూర్తి మనిషిని ఎలా నిలబెట్టాడు అని అడిగితే సగం జవాబు ఆ పబ్బుల్లో ఉంది.

మిగతా సగం రెపర్టరీ పద్ధతిలో ఉంది. ఒకే గుంపు, వరసగా నాటకాలు, ఈ నెల హీరో వేషం వేసినవాడు వచ్చే నెల ట్రే పట్టుకొచ్చే నౌకరు. ఎనభైల్లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి వెళ్ళాక కూడా ఇదే నడిచింది, 1986లో ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్‌లో బాటమ్ వేశాడు, గాడిద తల తగిలించుకునే ఆ నేతపనివాడి పాత్ర. అలా పెరిగిన నటుడికి పెద్ద వేషం చిన్న వేషం అన్న లెక్క వేరేగా ఉంటుంది, నౌకరు వేషమైనా ఆ నౌకరు పొద్దున్న ఎక్కడ లేచాడో తెలిసి ఉండాలి. హాలీవుడ్‌కి వెళ్ళాక ఐదు సీన్ల వేషం ఇచ్చినా చిన్నబుచ్చుకోకపోవడానికి ఇదే కారణం అనుకోవచ్చు.

సినిమా ఎంట్రీ అయితే చాలా నిదానంగా జరిగింది. 1977లో రిడ్లీ స్కాట్ మొదటి సినిమా ద డ్యుయెలిస్ట్స్‌లో చిన్న వేషం, 1984లో ఎ ప్రైవేట్ ఫంక్షన్, మధ్యలో టీవీ. పేరు నిలబడింది మాత్రం 1988లో టెరెన్స్ డేవిస్ తీసిన డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్‌తో. డేవిస్ తన సొంత ఇంటి కథే తీశాడు, లివర్‌పూల్‌లో నలభైల్లో, యాభైల్లో ఒక కార్మిక కుటుంబం, తల్లీ పిల్లలూ, పాటలు, మధ్యలో కొట్టే తండ్రి. ఆ తండ్రే పోసల్‌త్వేట్. ఇందులో క్రిస్మస్ ముచ్చట ఒకటి ఉంది. రాత్రి నిద్రపోతున్న పిల్లల దగ్గరికొచ్చి మెల్లగా సాక్సుల్లో బహుమతులు పెట్టి చల్లగా ఉండండర్రా అన్నట్టు ఒక్క మాట గొణుగుతాడు, మొహంలో నిజమైన ప్రేమ. వెంటనే క్రిస్మస్ భోజనం బల్ల దగ్గర అందరూ కూర్చున్నారు, ఉన్నట్టుండి టేబుల్ గుడ్డ పట్టుకుని ఒక్క లాగు లాగుతాడు, ప్లేట్లూ గిన్నెలూ నేలపాలు, శుభ్రం చెయ్యండి అని అరుపు. ఎందుకు చేశాడో సినిమా చెప్పదు, డైరెక్టరూ చెప్పడు.

ఇక్కడ మామూలు నటుడైతే ఆ రెండు సీన్ల మధ్య మనకి ఏదో వంతెన కట్టడానికి చూస్తాడు, పాపం లోపల మంచివాడే అనిపించేలా ఒక చూపో, లేకపోతే రాక్షసుడే అనిపించేలా ఒక నవ్వో పెడతాడు. ఈయన రెండూ చెయ్యలేదు. ప్రేమ సీనులో పూర్తిగా ప్రేమే, కోపం సీనులో పూర్తిగా కోపమే, ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉన్నాయో తేల్చుకోవాల్సిన బాధ చూసేవాళ్ళకి వదిలేశాడు. అలాంటి తండ్రి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి అది ఎంత కరెక్టో తెలుస్తుంది, అసలు భయం కొట్టినప్పటికన్నా ఎప్పుడు కొడతాడో తెలియకపోవడంలో ఎక్కువ ఉంటుంది కదా.

ఐదేళ్ళ తర్వాత దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే తండ్రి వేషం వచ్చింది, ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్, 1993, జిమ్ షెరిడన్ డైరెక్షన్. ఇది నిజంగా జరిగిన కథ. 1974 అక్టోబర్ 5న ఇంగ్లాండ్‌లో గిల్‌ఫర్డ్ అనే ఊళ్ళో పబ్బుల్లో ఐఆర్ఏ అనే ఐరిష్ సాయుధ సంస్థ పెట్టిన బాంబులు పేలాయి, ఐదుగురు చనిపోయారు. పోలీసులు బెల్‌ఫాస్ట్ కుర్రాడు జెరీ కాన్‌లన్‌ని పట్టుకున్నారు, కొడుక్కి లాయర్ని మాట్లాడదామని లండన్ వచ్చిన తండ్రి జుసెప్పీ కాన్‌లన్‌ని కూడా బంధువుల ఇంట్లో అరెస్ట్ చేసి జైల్లో వేశారు. ఊపిరితిత్తుల జబ్బు మనిషి, 1980లో ఖైదీగానే చనిపోయాడు. కొడుకు 1989లో నిర్దోషిగా బయటికొచ్చాడు, తండ్రి మీద తీర్పు 1991లో కొట్టేశారు, అప్పటికి ఆయన పోయి పదకొండేళ్ళు. సినిమాలో తండ్రీ కొడుకుల్ని ఒకే గదిలో పెట్టారు, నిజ జీవితంలో అలా లేదు, దాని మీద అప్పట్లో విమర్శలు కూడా వచ్చాయి. చరిత్రగా అది తప్పే, కానీ సినిమా ప్రాణం ఆ గదిలోనే ఉంది.

కొడుకు వేషం డేనియల్ డే-లూయిస్‌ది. అరుస్తాడు, ఏడుస్తాడు, గోడలకేసి కొట్టుకుంటాడు, చిన్నప్పుడు ఫుట్‌బాల్ మెడల్ గెలిచిన రోజు కూడా నువ్వు నా తప్పే చూశావు అని తండ్రి మీద విరుచుకుపడతాడు. ఎదురుగా పోసల్‌త్వేట్ ఏం చేస్తాడంటే, ఏమీ చెయ్యడు. నిలబడి వింటాడు. ఆ వినడంలో సిగ్గు ఉంది, ప్రేమ ఉంది, కొంచెం చిరాకు కూడా ఉంది, సాధువు లాంటి తండ్రిగా మార్చేసే ఛాన్స్ ప్రతి సీనులో ఉన్నా తీసుకోలేదు. జుసెప్పీ మొండివాడు, చాదస్తుడు, చేతి రుమాలు మడత పెట్టుకునే రకం మనిషి, ప్రార్థన చేసుకుంటాడు, ఉత్తరాలు రాస్తాడు, ఖైదీలు మొదట్లో పట్టించుకోరు. ఆయన చచ్చిపోయిన రాత్రి ఖైదీలందరూ కిటికీల్లోంచి కాలుతున్న కాగితాలు కిందకి వదులుతారు. ఆ సీను పండిందంటే డైరెక్టర్ గొప్పతనం కొంతే, అప్పటిదాకా ఆ సన్నటి మనిషి మెల్లమెల్లగా మన మనసులో పెంచుకున్న చోటు మిగతాది.

ఇంకో సంగతి, ఆ తండ్రికీ ఆ కొడుక్కీ వయసు తేడా పదకొండేళ్ళే. డే-లూయిస్ 1957లో పుట్టాడు. తెలుగు సినిమా చూసేవాళ్ళకి ఇది వింత కాదు, ఎన్టీఆర్, ఏఎన్నార్‌ల కన్నా చిన్నవాడైన గుమ్మడి వాళ్ళకే తండ్రిగా ఎన్నిసార్లు వెయ్యలేదు. క్యారెక్టర్ ఆర్టిస్టుల వయసు ఎక్కడైనా ఇంతే, మొహం ఏది చెప్తే అదే వయసు. డే-లూయిస్ కూడా బ్రిస్టల్ ఓల్డ్ విక్ స్కూల్ నుంచి వచ్చినవాడే, ఇద్దరూ ఒకే బడి పిల్లలన్నమాట, ఒకాయన దేశం మొత్తం మాట్లాడుకునే స్టార్ అయ్యాడు, ఇంకొకాయన పక్కన నిలబడి ఆ స్టార్ నటనకి నేల ఇచ్చాడు.

సినిమాకి ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. సపోర్టింగ్ యాక్టర్ కేటగిరీలో పోసల్‌త్వేట్‌తో పాటు షిండ్లర్స్ లిస్ట్‌కి రేఫ్ ఫైన్స్, ఇంకా కుర్రాడిగా ఉన్న లియొనార్డో డికాప్రియో, జాన్ మాల్కొవిచ్, ఇచ్చింది మాత్రం ద ఫ్యుజిటివ్‌కి టామీ లీ జోన్స్‌కి. ఆ లిస్టు మళ్ళీ చూస్తే జోన్స్‌కి ఇవ్వడం ఇప్పటికీ కాస్త విడ్డూరంగానే ఉంటుంది, బాగా చేశాడు నిజమే, కానీ ఆ లిస్టులోనా.

గెలవకపోయినా తలుపులు తెరుచుకున్నాయి, ఇంక వరద. 1994లో టీవీలో షార్ప్ సిరీస్‌లో సార్జెంట్ ఒబదయా హేక్స్‌విల్, మెడ అస్తమానం ఎగరేస్తూ, టోపీలో మొహం పెట్టి అమ్మతో మాట్లాడుకునే నీచుడు, నన్నెవ్వడూ చంపలేడు అని నమ్మేవాడు. బ్రిటిష్ టీవీలో ఇంత అసహ్యం పుట్టించే విలన్ తక్కువ, అయినా వచ్చిన ప్రతి సీను మళ్ళీ చూడాలనిపిస్తుంది. ఈ సిరీస్‌కి మూలమైన నవలలు రాసిన బెర్నార్డ్ కార్న్‌వెల్ తర్వాత రాసిన నవలల్లో ఈ సార్జెంటు మన దేశంలోనే తిరుగుతాడు, టిప్పు సుల్తాన్ మీద శ్రీరంగపట్నం ముట్టడిలో ఉంటాడు, సిరీస్ చూసి ఆ నవలలు చదివితే పోసల్‌త్వేట్ మొహం తప్ప ఇంకో మొహం గుర్తు రాదు. అదే ఏడాది డికెన్స్ కథ మార్టిన్ చజిల్‌విట్‌లో మోసగాడు మాంటేగ్ టిగ్. 1995లో కోబయాషి, పేరేమో జపనీస్, మొహమేమో ఇంగ్లిష్, యాస ఏ దేశానిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. సినిమా చూసినవాళ్ళకి ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చివర్లో తెలుస్తుంది, చూడనివాళ్ళకి చెప్పడం పాపం. అసలు ఉన్నాడో లేడో తెలియని మనిషికి ఎక్కడిదో తెలియని యాస పెట్టడం చాలా తెలివైన పని, రెండోసారి చూస్తే గానీ అర్థం కాదు.

1996 ఒక్క ఏడాదిలోనే ఐదు సినిమాల దాకా కనిపిస్తాడు, డ్రాగన్‌హార్ట్, రోమియో ప్లస్ జూలియెట్, జేమ్స్ అండ్ ద జయంట్ పీచ్, వెన్ సాటర్‌డే కమ్స్, బ్రాస్డ్ ఆఫ్. మొదటివన్నీ పక్కన పెట్టి చివరిది చూడాలి, ఎందుకంటే సినిమాల్లో ఈయనకి కథ మధ్యలో నిలబడే అవకాశం దొరికిన కొద్దిసార్లలో అదొకటి. యార్క్‌షైర్‌లో బొగ్గు గని మూసేస్తున్నారు, ఆ గని కార్మికుల బ్రాస్ బ్యాండ్‌కి కండక్టర్ డానీ. ఊరు సినిమా కోసం పెట్టిన పేరే గానీ వెనకున్నది గ్రైమ్‌థోర్ప్, 1992 అక్టోబర్‌లో బ్రిటిష్ ప్రభుత్వం 31 గనులు మూసేస్తామని ప్రకటించింది, అదే నెలలో గ్రైమ్‌థోర్ప్ బ్యాండ్ లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో నేషనల్ పోటీ గెలిచింది. సినిమాలో వినపడే వాయిద్యం కూడా ఆ బ్యాండ్‌దే.

డానీ సినిమా అంతా ఒకటే పాట పాడతాడు, సంగీతమే ముఖ్యం, గని ఉన్నా పోయినా బ్యాండ్ నడవాలి. ఇల్లు గడవక కొడుకు చావుదాకా వెళ్తున్నా ఆయనకి పట్టదు, నిజం చెప్పాలంటే మొదటి గంటలో డానీ మీద కోపం వస్తుంది. ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము పేరుకుపోయి ఆసుపత్రిలో పడతాడు. చివరికి ఆల్బర్ట్ హాల్లో గెలిచాక ట్రోఫీ తీసుకోకుండా మైకు ముందు నిలబడి, సంగీతం ముఖ్యం అనుకున్నాను, మనుషుల ముందు అదేం లెక్క అని చెప్తాడు. కాగితం మీద ఇది చాలా ప్రమాదకరమైన స్పీచ్, నినాదంలా జారిపోతుంది. పోసల్‌త్వేట్ దాన్ని ఎవరినో తిట్టినట్టు కాకుండా, తన జీవితం మొత్తం నమ్మినదాన్ని అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్న ముసలాయనలా చెప్పాడు, గొంతు గట్టిగానే ఉంటుంది, కళ్ళు మాత్రం ఓడిపోయినవాడివి. అంత గంభీరంగా వద్దని చెప్పి వెళ్తుంటే బ్యాండ్‌లో ఒకడు చల్లగా ఆ ట్రోఫీ ఎత్తుకొచ్చేస్తాడు, ఉత్తర ఇంగ్లాండ్ హాస్యం అలాగే ఉంటుంది. ఆ స్పీచ్‌లో ముక్కని లీడ్స్ బ్యాండ్ చంబావాంబా 1997లో తమ సూపర్ హిట్ పాట టబ్‌థంపింగ్‌కి ఆల్బమ్‌లో మొదట్లో పెట్టుకున్నారు, అలా పేరు తెలియని లక్షల మంది ఈయన గొంతు విన్నారు.

1997లో స్పీల్‌బర్గ్ రెండు సినిమాలకి పిలిచాడు, ద లాస్ట్ వరల్డ్, అమిస్టాడ్. ప్రపంచంలోనే బెస్ట్ యాక్టర్ అని స్పీల్‌బర్గ్ అన్నాడని అందరూ రాస్తారు, దానికి పోసల్‌త్వేట్ వేసిన జోకు ఇంకా బాగుంటుంది, స్పీల్‌బర్గ్ అసలు అన్నది పీట్ తనే ప్రపంచంలో బెస్ట్ యాక్టర్ అనుకుంటాడు అనీ, వీళ్ళు సగం మింగేశారు అనీ. లాస్ట్ వరల్డ్ అంత గొప్ప సినిమా ఏం కాదు, ఇద్దరు ముగ్గురు హీరోలున్నా గుర్తుండేది వేటగాడు రోలండ్ టెంబోనే. ఫీజు మీరే ఉంచుకోండి, మగ టీ-రెక్స్ ఒకదాన్ని వేటాడనిస్తే చాలు అంటాడు. చివరికి దాన్ని పడగొడతాడు, కానీ అజయ్ అనే భారతీయ స్నేహితుడు ఈ దండయాత్రలో చనిపోతాడు. కంపెనీ వాడు శాన్ డియాగోలో ఉద్యోగం ఇస్తానంటే, చావుతో కావాల్సినంత సావాసం చేశాను అని నడిచి వెళ్ళిపోతాడు. డైనోసార్ల సినిమాలో పశ్చాత్తాపం ఉన్న ఏకైక మనిషి, దానికి స్క్రిప్టులో ఇచ్చింది నాలుగు లైన్లు.

ఇంత జరిగాక మామూలుగా ఎవరైనా లాస్ ఏంజెలెస్‌లో ఇల్లు కొనుక్కుంటారు. ఈయన ష్రాప్‌షైర్ పల్లెల్లోనే ఉన్నాడు, మళ్ళీ స్టేజ్ ఎక్కాడు. 2001 తర్వాత స్కారమూష్ జోన్స్ అనే ఏకపాత్ర నాటకం పట్టుకుని బ్రిటన్‌తో ఆపకుండా కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాకా తిరిగాడు. 1999 డిసెంబర్ 31 రాత్రి, వందేళ్ళ జోకరు ఒకడు యాభై ఏళ్ళ మౌనం విడిచి తన కథ చెప్పుకుంటాడు, స్టేజ్ మీద ఇంకెవరూ లేరు. సినిమాల్లో మూడు నిమిషాల్లో దాచిపెట్టే గతాన్ని ఇక్కడ విప్పి పరిచాడన్నమాట. లెక్క కూడా అర్థమవుతుంది, సపోర్టింగ్ వేషానికి షూటింగ్ కొద్ది వారాల్లో అయిపోతుంది, హీరో అయితే నెలలు నెలలు ఇరుక్కుపోతాడు, కాబట్టి చిన్న వేషాలు వేస్తే డబ్బూ వస్తుంది, నాటకానికి ఏడాదీ మిగులుతుంది. హాలీవుడ్ ఈయన్ని చిన్న వేషాలకి పరిమితం చేసిందని జాలిపడేవాళ్ళు ఈ కోణం చూడరు.

అయితే అన్నీ బాగున్నాయని కాదు. 2005లో ఏయాన్ ఫ్లక్స్, 2006లో ద ఓమెన్ రీమేక్‌లో చర్చి బయట చచ్చిపోయే ప్రీస్టు, 2010లో క్లాష్ ఆఫ్ ద టైటన్స్, ఇలాంటివాటిలో డైరెక్టర్లు ఆ మొహం ఒకటి చాలని బద్ధకించారు, చెంప ఎముకల మీద లైటు వేస్తే పాత్ర పుట్టేస్తుందనుకున్నారు. పుట్టలేదు. ఎవరికైనా రాసినదాంట్లో కొంచెమైనా ఉండాలి.

2007లో మాంచెస్టర్ రాయల్ ఎక్స్ఛేంజ్‌లో ద టెంపెస్ట్‌లో ప్రాస్పెరో. 2008లో లివర్‌పూల్ యూరప్ సాంస్కృతిక రాజధాని అయిన ఏడాది, మళ్ళీ అదే ఎవ్రీమన్‌లో కింగ్ లియర్, డైరెక్టర్ రూపర్ట్ గూల్డ్. టికెట్ల కోసం ఊరంతా ఎగబడింది కానీ రివ్యూలు మాత్రం గట్టిగా వాయించాయి, డైరెక్టర్ ఐడియాలు ఎక్కువైపోయి నాటకం ఊపిరాడట్లేదని. ఆ తర్వాత కోతలూ మార్పులూ చేసి 2009లో లండన్ యంగ్ విక్‌కి తీసుకెళ్తే మెరుగైన పేరొచ్చింది. పిచ్చి పట్టిన లియర్ పూల గౌను వేసుకుని వస్తాడు అందులో. నాటకాల చిక్కే ఇది, సినిమాలో రెండు నిమిషాల సీను ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు, ఆ లియర్ మాత్రం ఆ హాల్లో కూర్చున్నవాళ్ళకే.

అదే 2009లో ద ఏజ్ ఆఫ్ స్టుపిడ్ వచ్చింది, వాతావరణ మార్పు మీద ఫ్రానీ ఆర్మ్‌స్ట్రాంగ్ తీసిన సినిమా. 2055లో నాశనమైపోయిన ప్రపంచంలో ఒక్కడే మిగిలిన రికార్డుల గది ముసలాయన, అప్పుడే ఎందుకు ఆపుకోలేదు మనం అని పాత వీడియోలు తిరగేస్తుంటాడు, ఆ వీడియోల్లో మన దేశంలో గోఎయిర్ విమాన సంస్థ పెట్టిన జే వాడియా కథ కూడా ఉంటుంది. ఈయన పాత్ర కల్పితం, మిగతా జనం నిజం. ఆ సినిమా ప్రీమియర్ దగ్గరే, కింగ్స్‌నార్త్‌లో కొత్త బొగ్గు కరెంటు ప్లాంటుకి ఒప్పుకుంటే 2004లో నాకిచ్చిన ఓబీఈ అనే బ్రిటిష్ గౌరవ బిరుదు తిరిగిచ్చేస్తానని మంత్రి ఎడ్ మిలిబాండ్‌కి చెప్పేశాడు. ఆ ఏడాది అక్టోబర్‌లో కంపెనీయే ఆ ప్లాన్ పక్కన పెట్టింది, బిరుదు ఇచ్చెయ్యాల్సిన అవసరం రాలేదు.

చివరి పెద్ద పని 2010లో బెన్ ఆఫ్లెక్ తీసిన ద టౌన్. బోస్టన్‌లో పూలకొట్టు ముసుగులో దొంగల ముఠా నడిపే ఫెర్గీ. ఒకటే సీను చూడండి చాలు. గులాబీ కాడలు కత్తితో చెక్కుతూ, పనిలోంచి తల కూడా సరిగ్గా ఎత్తకుండా, మీ అమ్మకి మత్తు మందు అలవాటు చేసింది నేనే, ఆవిడ ఉరేసుకుంది, నువ్వేమో చిన్నప్పుడు ఊరంతా వెతుక్కుంటూ తిరిగావు అని హీరోకి చెప్తాడు. అరవడు, పళ్ళు కొరకడు. పూలబేరం చేసే గొంతే. ఎదుటివాడు ఆరడుగుల కుర్రాడు, ఈయన బక్కపల్చటి ముసలాయన, అయినా గదిలో ఎవరికి ఎవరంటే భయమో ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పటికి ఒంట్లో బాగాలేదు, పాంక్రియాస్ కాన్సర్. 2011 జనవరి 2న ష్రూస్‌బరీ ఆసుపత్రిలో పోయాడు, 64 ఏళ్ళు. రెండు వారాలు తిరిగేసరికి ఆ ఫెర్గీ వేషానికి బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టాకి నామినేషన్ వచ్చింది. ఆఖరి సినిమా కిల్లింగ్ బోనో ఆ ఏడాదే వచ్చింది, ఒంట్లో ఓపిక లేదని ఆయనకి తగ్గట్టు వేషం తిరగరాశారు.

కొత్తగా చూద్దామనుకునేవాళ్ళు ఆస్కార్ సినిమాతో మొదలెట్టకపోవడమే మంచిది, అది బరువు. ముందు బ్రాస్డ్ ఆఫ్, నవ్వుతూ ఏడవచ్చు. తర్వాత ద టౌన్‌లో ఆ పూలకొట్టు సీను కోసమైనా ఆ సినిమా, ఆ తర్వాత వరస పెట్టి ఒకే వారంలో డిస్టెంట్ వాయిసెస్, ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్, ఇద్దరు తండ్రుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మొహం అంటే నమ్మడం కష్టం. షార్ప్ సిరీస్ మాత్రం భోంచేస్తూ చూడకండి, హేక్స్‌విల్ వచ్చాక ముద్ద దిగదు.